తవుడు పోసి కొన్న పేరు

మా చిన్నబాపు చెప్పే కథ అబద్ధం. ముందు ఆ ముక్క రాసి పెడితే తక్కినవి నింపాదిగా చెప్పుకోవచ్చు. నేను శ్రీరామనవమి నాడు పుట్టానని, అందుకని ఆయనే జానకి అని పేరు పెట్టాడని, ఇంట్లో ఆడవాళ్ళ నోళ్ళు తిరగక అది జాను అయిందని, ఆ జాను అన్నదే బడి రిజిస్టరులో ఎక్కిపోయిందని, ఇదీ ఆయన కథ. పెళ్ళి భోజనాల దగ్గర చెబుతాడు, దశదిన కర్మలో చెబుతాడు, చుట్టాల్లో ఏ పసిపిల్లకు పేరు పెడుతున్నా నన్ను పక్కన నిలబెట్టుకుని చెబుతాడు. ముప్ఫై ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసిన మనిషి కాబట్టి వ్యుత్పత్తితో సహా చెబుతాడు. జనకుడంటే కన్నతండ్రి, జానకి అంటే కన్నవాడి బిడ్డ, చూడండి ఎంత చక్కటి పేరో అని. వినేవాళ్ళు తలలూపుతారు. నేను పుట్టింది నవమి నాడు కాదు. మూసీ నిండుగా పారుతూ, మా గల్లీలో మోకాటిలోతు నీళ్ళు నిలిచిన రోజుల్లో పుట్టానని మా నానమ్మ నాకు వందసార్లు చెప్పింది. చైత్రంలో మోకాటిలోతు వాన ఏ పంచాంగంలో కురుస్తుందో ఆయన్నే చెప్పమనండి. నేను ఆ మాట అడిగినప్పుడల్లా ఆయనకు దగ్గు వస్తుంది.

ఈ రెండక్షరాల పేరుతో యాభై రెండేళ్ళు నెట్టుకొచ్చాను. కాలేజీలో చేరిన కొత్తలో ప్రిన్సిపాలు నన్ను క్రిస్టియన్ అనుకుని క్రిస్మస్‌కు కేకు పంపాడు. నేను కాదనలేదు, కేకు బాగుంది. ఇప్పుడు నేను పౌరశాస్త్రం చెప్పే పిల్లల బాధ ఇంకొకటి. ఈ కాలంలో ప్రేమించుకునేవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే మాట అది. ఒకడు లేచి చాలా వినయంగా, "మేడం, మీ ఇంటిపేరేందో చెప్పుండ్రి, ఈ పేరుతోని ఫోన్ల సేవ్ చేస్తే మా అమ్మ తంతది" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఎవరేమన్నా నాకు ఒక సమాధానం ఉండేది. మా పక్క వాటాలో ఉండే ఖాలా ముద్దుగా అలా పిలిచేది, అదే నిలిచిపోయింది, అంతే. చిన్నబాపు కథ అబద్ధమని తెలిసినా నా కథ నిజమనే అనుకున్నాను. పోయిన నెల దాకా.

ఖాలా అంటే పిన్ని, మా ఖాలా పేరు అస్మత్ బీ. లాడ్ బజార్ వెనక సందులో ఒకే దర్వాజ, ఒకే వాకిలి, రెండు వాటాలు ఉన్న ఇంట్లో మేం ఒక వైపు, వాళ్ళొక వైపు. నడుమ నల్లా, నల్లా పక్కన వాళ్ళ మేక. వాళ్ళు లక్క గాజులు చేసేవాళ్ళు. ముందు వరండాలో బొగ్గుల కుంపటి ఎప్పుడూ కణకణమంటూ ఉండేది. కరిగిన లక్క వాసన ఎలా ఉంటుందని అడిగితే చెప్పడం కష్టం. జిగురు, పొగ, అడుగున ఎక్కడో కొంచెం తీపి. ఆ వాసన మా అన్నంలో ఉండేది, మా దుప్పట్లలో ఉండేది, నా జడలో ఉండేది. బాపు కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తే ఇనుము కాలిన వాసన గదంతా నిండేది. వాకిలికి ఇటు ఒక నిప్పు, అటు ఒక నిప్పు. కళ్ళు మూసుకుని ఏ వాటాలో ఉన్నానో చెప్పగలిగేదాన్ని, కానీ ఏది మా ఇల్లని ఎవరైనా అడిగితే మాత్రం కాసేపు ఆలోచించాల్సి వచ్చేది. ఎందుకంటే పొద్దున లేస్తే నా తల దువ్వేది ఖాలా. పండక్కి ముందుగా ఒంటి మీదికి వచ్చే బట్ట ఖాలా పాత దుపట్టా కత్తిరించి కుట్టింది. మా అమ్మ కొన్న కొత్త గౌను దాని తర్వాతే. నా పుట్టు వెంట్రుకలు తీయించింది వాళ్ళ వాకిట్లో. మా అమ్మ అప్పుడు మా గుమ్మంలో నిలబడి చూసిందట, దిగి రాలేదట.

మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలవదు. ఇది మామూలు మాటగా చెప్పడం లేదు. నాకు గుర్తున్నంత వరకు ఒక్కసారి కూడా పిలవలేదు. "ఓ పోరీ", "ఇగో", "ఇటు రా" అంటుంది, నాకు మనవరాలు పుట్టే వయసొచ్చినా ఇవాళ్టికీ అంతే. చుట్టాలెవరైనా వచ్చి ఎవరి పిల్ల ఇది, ఇంత ముద్దుగా ఉంది అంటే, "అది ఖాలా వాళ్ళ పోరి" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనిది నేనొక్కదాన్నే. బడిలో వేసే రోజున కూడా అమ్మ రాలేదు. తెల్లటి రిబ్బన్లు కట్టి, పలక చేతికిచ్చి, ఖాలాతో పంపింది. బుర్ఖా వేసుకున్న ఆడమనిషి హిందువుల పిల్లను తెచ్చి చేర్పిస్తుంటే హెడ్మాస్టరమ్మ కళ్ళద్దాలు తీసి చూసింది. పేరేమిటని అడిగితే ఖాలా జాన్ అంది. మన అలవాటు కొద్దీ ఆవిడ ఒక కొమ్ము తగిలించి రాసుకుంది. తల్లి ఎందుకు రాలేదని అడిగితే ఖాలా ఏం చెప్పిందో నాకు వినపడలేదు గానీ ఆ ప్రశ్న మాత్రం వినపడింది. అది చెవిలో అలాగే ఉండిపోయింది.

జ్వరం సంగతి ఇంకా ఘోరం. నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నానమ్మ అరుగు మీద తంబాకు నములుతూ ఏవో మొక్కులు మొక్కుతోంది. మా అమ్మ నన్ను రెండు చేతులతో ఎత్తుకుంది, వాకిలి దాటింది, ఖాలా గడప మీద పడుకోబెట్టింది, వెనక్కి తిరిగి మా వాటాలోకి వెళ్ళి తలుపేసుకుంది. నాకు స్పృహ ఉంది. ఆ తలుపు చప్పుడు నేను విన్నాను. మూడు రోజులు ఖాలా ఒళ్ళో ఉన్నాను. అమ్మ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. నేను బతికి లేచి వాకిట్లో కూర్చున్నప్పుడు నల్లా దగ్గర బిందె పెడుతూ నన్ను చూసి, "తిన్నదా పోరి?" అని ఖాలాను అడిగింది. నన్ను కాదు, ఖాలాను.

ఈ జ్వరం కథను నేను ఒక మాసపత్రికకు రాశాను. ప్రేమ చూపడం రాని తల్లి గురించి. నాలుగు పేజీలు. చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నామని ఉత్తరాలు రాశారు. అంతటితో ఊరుకోక అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చదివి వినిపించాను. ఏమంటుందో చూద్దామని. కొట్లాట పెట్టుకోవాలని నోట్లో మాటలు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాను కూడా. ఆమె చీర అంచు మడిచి కుడుతోంది. అయ్యేదాకా విని, దారం పళ్ళతో తెంపి, "మంచిగ రాసినవ్" అంది. ఆ రెండు మాటలకు నేను ఆమె మీద పదిహేనేళ్ళు కోపం పెట్టుకున్నాను.

పోయిన నెల, ఖాలా చనిపోయిన నలభయ్యోనాడు చేసే ఫాతెహా ప్రార్థనకు వెళ్ళాను. అమ్మను రమ్మన్నాను, మోకాళ్ళ నొప్పి అంది. ఇల్లు అదే. మేక లేదు, నల్లా ఉంది. కుంపటి చోట గ్యాసు పొయ్యి. ఖాలా పెద్దకూతురు ముంతాజ్ ఆపా నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. భోజనాలయ్యాక ఆడవాళ్ళమందరం లోపలి గదిలో కూర్చున్నాం. ఆపా ఒక రేకుపెట్టె ముందుకు లాగి, మూత తీసి, తెల్లగుడ్డ మూటలు ఒక్కొక్కటే బయట పెట్టింది. ఖాలాకు నలుగురు కూతుళ్ళు. మూటలు ఐదు. నాలుగు మూటలు చెల్లెళ్ళకు, తనకు పంచి, ఐదోది నా ఒళ్ళో పెట్టింది. విప్పితే ఒక ఎర్ర దారానికి గుచ్చిన లక్క వలయాలు. రాళ్ళు లేవు, తళుకు లేదు, ఒట్టి లక్క. మొదటిది నా రెండు వేళ్ళు దూరనంత చిన్నది. దాని తర్వాత కొంచెం పెద్దది, తర్వాత ఇంకొంచెం, చివరిది పెళ్ళినాటి నా చేయంత. అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి ఈద్‌కు ముందు ఖాలా పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి చేతివేళ్ళు ముడుచుకోమని, వేడి తగ్గిన లక్క తీగ చుట్టి, చేతి కొలత తీసి దాచుకునేది. పిల్ల ఎంత పెరిగిందో ఆమెకు అలా తెలియాలి. గాజుల వాళ్ళ ఇల్లు కదా. నేనూ ఆ వరసలో కూర్చునేదాన్ని. ఆట అనుకునేదాన్ని. నా కొలతలు కూడా ఈ ఇంట్లో ఇన్నేళ్ళు భద్రంగా ఉన్నాయని నాకు తెలియదు.

ఆపా, ఇది నాకెందుకు, మీ నలుగురికి కదా అన్నాను. మాటవరసకు అన్నదే. ఆపా నన్ను వింతగా చూసింది.

"గట్లంటవేంది? అమ్మీకి ఐదుగురం గదా మనం. నిన్ను కొన్నది గదా."

కొనడమేమిటి అన్నాను.

"నీకు తెల్వదా? నిజంగ తెల్వదా?" అని, చెల్లెళ్ళ వైపు తిరిగి, "ఇస్కు మాలూమ్‌చ్ నై" అంది. వాళ్ళ ముఖాలు చూస్తే ఆ గదిలో తెలియనిది నేనొక్కదాన్నేనని అర్థమైంది.

ఆపా చెప్పింది ఇదీ. నాకు ముందు మా అమ్మకు ఒక కొడుకు, ఒక కూతురు పుట్టి పోయారు. ఇది నాకు తెలుసు, ఎవరూ మాట్లాడకపోయినా తెలుసు. నేను పుట్టిన తొమ్మిదోనాడు మా నానమ్మ నన్ను చేటలో పాతగుడ్డ మీద పడుకోబెట్టి, వాకిలి దాటించి, ఖాలా గడప మీద పెట్టి, కూరగాయలమ్మేదానిలా పిల్ల కావాల్నా పిల్ల అని కేక వేసిందట. ఖాలా బయటికి వచ్చి ఎంత అని అడిగిందట. సేరు తవుడు అంది నానమ్మ. ఈ బక్క పిల్లకు అంత ఎక్కువ, అర్ధసేరు ఇస్తానంది ఖాలా. ఇద్దరూ గొంతెత్తి బేరమాడారట, గల్లీ అంతా వినేలా. వినాల్సినవాడు వినాలి కదా మరి. ఈ ఇంటి పిల్ల ప్రాణం కోసం వచ్చేవాడు, ఈ ఇంట్లో పిల్లే లేదనుకుని పోవాలి. చివరికి అర్ధసేరుకు తెగింది. మేకకు పెట్టే తవుడులోంచే కొలిచి పోసింది ఖాలా. అది కొంగులో పోసుకుని మా నానమ్మ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఖాలా చేట ఎత్తుకుని, "ఆజ్ సే యే మేరీచ్ హై, నామ్ భీ మైఁచ్ రఖ్తూఁ" అని, ఇవాళ్టి నుంచి ఇది నాదే, పేరు కూడా నేనే పెడతానని, నా చెవిలో మూడుసార్లు జాన్ అందట. గంట తర్వాత మా అమ్మ పాలివ్వడానికి వచ్చింది. ఇంకొకరి బిడ్డకు పాలిచ్చే దాదిలాగా వచ్చింది, ఇచ్చింది, పోయింది. మొదటి బట్ట, పుట్టు వెంట్రుకలు, పేరు, అన్నీ కొన్నవాళ్ళ చేతుల మీదుగానే. కన్నది బిడ్డను పేరు పెట్టి పిలవకూడదు. ఐదేళ్ళు నిండి, బడికి పోయేలోపు, తవుడు తిరిగి కొలిచి, బెల్లం పెట్టి, బిడ్డను కొనుక్కోవాలి. అది నానమ్మ పెట్టిన షరతు.

"మీ అమ్మ రాలే" అంది ఆపా. "అమ్మీ ప్రతి సాల్ బడి తెరిచేటప్పుడు దర్వాజ దిక్కు చూసేది. నోరు తెరిచి అడగలే. అడిగితే నిన్ను వద్దన్నట్టు ఉంటదని."

ఖాలా అమ్మ రావాలని చూసిందా, రావద్దని చూసిందా అని అడిగాను. ఆపా రేకుపెట్టె మూత పెడుతూ అది తనకూ ఎర్క లేదంది.

లాడ్ బజార్‌లోంచి ఎలా నడిచి వచ్చానో నాకు తెలియదు. ఎవడో "బాజీ, ఆవో, నయా డిజైన్" అంటూ మోచేతి దాకా గాజులెక్కించిన చెయ్యి చాచాడు. ఆ చెయ్యి చూస్తూ నిలబడిపోయాను. నేను అమ్ముడుపోయిన పిల్లను. అర్ధసేరు మేక తవుడుకు. రాజ్యాంగంలో మనుషుల అమ్మకాన్ని నిషేధించే అధికరణం గురించి ఏటా రెండు పీరియడ్లు పాఠం చెప్పే నేను. నవ్వు రాలేదు. కోపం కూడా రాలేదు, అది నాకు కొత్త. అక్కడి నుంచి ఆటో ఎక్కి తిన్నగా పురానాపూల్‌లో చిన్నబాపు ఇంటికి వెళ్ళాను. ఆయన వార్తాపత్రిక మీద కునికిపాట్లు పడుతున్నాడు. చేటలో పెట్టి అమ్మారా నన్ను అన్నాను. దగ్గు రాలేదు ఈసారి. కళ్ళద్దాలు తీసి పంచెతో తుడిచి తుడిచి, "అమ్మినమని నలుగుట్ల చెప్పుకుంటమా బిడ్డా" అన్నాడు. అందుకే ఒక పేరు, ఒక తిథి, ఒక వ్యుత్పత్తి కూర్చి పెట్టాడట. నీ పెండ్లికి మంచిగుంటదని అన్నాడు. కన్నవాడి బిడ్డ అని అర్థం వచ్చే పేరు దొరికిందా మీకు, ఇంకే పేరూ దొరకలేదా అని అడిగాను. ఆయన నిజంగానే గతుక్కుమన్నాడు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయనకు తట్టలేదు. పండితుడు.

మూడు రోజులు అమ్మతో ఏమీ అనలేదు. అనకపోవడం నాకు చేతకాని పని, అయినా అనలేదు. కాలేజీలో ఉర్దూ చెప్పే నా స్నేహితురాలు సఫియాను పట్టుకుని నా పేరు పుట్టుపూర్వోత్తరాలు తేల్చమన్నాను. అమ్మను అడగాల్సింది ఆమెను అడిగానని ఇప్పుడు తెలుస్తోంది. సఫియా పుస్తకాలు తిరగేసి రెండోనాడు చెప్పింది. జాన్ అంటే ఫారసీలో ప్రాణం, ఇది అందరికీ తెలిసిందే. కానీ దాని వెనక్కి పోతే పాత పర్షియాలో గ్యాన్ అనే రూపం ఉంది, ఇంకా వెనక్కి పోతే ఊపిరి తీయడం అనే ధాతువు. మన ప్రాణంలో, అపానంలో, వ్యానంలో ఉండేది కూడా ఆ ధాతువేనట. అంటే ఒకే తల్లి ఊపిరి రెండిళ్ళలో పెరిగిందన్నమాట అంది సఫియా, నవ్వుతూ. ఆమెకు నా సంగతి తెలియదు. ఆ మాట ఆమె ఊరికే అంది. నేను నీళ్ళ సీసా కోసం వెతుక్కున్నట్టు నటించాను. ఇది విన్న చిన్నబాపు మాత్రం ఫోన్లో, "నేను మొదటి నుంచి చెప్తున్న గదా, సంస్కృతమే అని" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ హాల్లో చాప మీద కాళ్ళు చాపుకుని పుంటికూర ఆకు తుంచుతోంది. ఇప్పుడు మేం కంచన్‌బాగ్ పక్కనే ఉంటాం. బాపు ఫ్యాక్టరీ సైరన్ వినపడేంత దూరం. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుని, ఎర్ర దారం తీసి చాప మీద పెట్టాను. ఆమె చూసింది. అన్నిటికంటే చిన్న వలయం ఆమె వైపు ఉంది. దాన్ని ఒక వేలితో ముట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముంతాజ్ చెప్పిందా" అంది.

నేను ఇన్నేళ్ళుగా నేర్చుకున్న వాదనలన్నీ ఒక్కటి కూడా గుర్తురాలేదు. నన్నెందుకు కొనుక్కోలేదు అన్నాను. చిన్నపిల్ల అడిగినట్టే అడిగాను, నా గొంతు నాకే సిగ్గనిపించింది.

"తవుడు తెచ్చిన" అంది అమ్మ. "మూడుసార్లు తెచ్చిన. కొత్త చాటల పోసుకొని, పైన బెల్లం పెట్టుకొని వాకిట్ల దాక పోయిన. ఆ మేకకు పోసి వచ్చిన."

"ఎందుకు?"

ఆమె ఆకు తుంచడం ఆపలేదు. "నాదన్నది ఏదీ నిల్వలే నాకు. ఇద్దరిని నా నోటితోని పేరు వెట్టి పిల్చుకున్న. పొద్దుగాల పిల్చిన, మాపటికి పిల్చిన. నువ్వు ఆమెదానివై బతుకుతున్నవ్. బతికేదాన్ని తెచ్చి నాదంటనా?"

జ్వరమొచ్చినప్పుడు గడప మీద ఎందుకు పెట్టిందో ఇక అడగక్కర్లేదు. తలుపు ఎందుకేసుకుందో కూడా. అయినా అడిగాను, నా నోరు అలాంటిది. తలుపు వెనక కూర్చుని మూడు రోజులు మంచినీళ్ళు ముట్టలేదని చెప్పింది. తన చూపు నా మీద పడితే, నేను తన పిల్లనేనని ఆ వచ్చేవాడికి తెలిసిపోతుందని భయమట. ఈ సంగతి ఆమె దాచిపెట్టిన గొప్ప రహస్యంలా కాదు, నల్లాలో నీళ్ళు రాలేదని చెప్పినట్టు చెప్పింది. నేను నాలుగు పేజీలు రాసి ఊరందరినీ ఏడిపించింది ఈ మనిషి గురించి. మంచిగ రాసినవ్ అంది.

నాకు అప్పుడు మాటలు వచ్చాయి, పోట్లాడటానికే వచ్చాయి. ఇది చట్టం ఒప్పుకోదన్నాను. అర్ధసేరు తవుడుకు పిల్లల్ని అమ్మే బేరం చెల్లదన్నాను. నీ చట్టం మీద మన్నుబడ అంది. సరే, చెల్లుతుందనుకో, ఖాలా లేదు, ఆపా ఉంది, కిలో తవుడు నేనే తెస్తాను, ఇవాళైనా కొనుక్కో అన్నాను. ఇన్నేళ్ళు ఆగినదానివి, నేను పొయ్యేదాక ఆగలేవా అంది. నేను తగ్గలేదు. పోనీ, ఆ పేరు నువ్వు పెట్టింది కాదు కదా, ఖాలా పెట్టింది, దాంతో నీకేం ప్రమాదం, ఒక్కసారి జాను అని పిలువు, ఒకే ఒక్కసారి అన్నాను. నాకు యాభై రెండేళ్ళు, రక్తపోటు మాత్రలు వేసుకుంటాను. చాప మీద కూర్చుని అమ్మ చేత పేరు పిలిపించుకోవాలని బతిమాలుతున్నాను.

"అది ఆమె పేరు" అంది అమ్మ. "నా నోట్లకు రాదు."

కాడలు ఒక పక్కకు తోసి, "నాది నాకున్నది" అంది.

ఏంది అన్నాను. అర్థం కాలేదు మొదట.

"పేరు వెట్టుకోకుంట ఉంటనా? కన్నదాన్ని. నువ్వు కడుపుల పడ్డప్పుడే పెట్టుకున్న. లోపలనే పిలుస్త."

ఏం పేరో చెప్పమన్నాను. చెప్పలేదు. బాపుకు తెలుసా అంటే లేదంది. నానమ్మకు, ఎవరికీ తెలియదంది. నా చెవిలో చెప్పమన్నాను, ఇంకెవరికీ చెప్పనని ఒట్టు వేశాను. నా ఒట్ల మీద ఆమెకు నమ్మకం లేదు, అది న్యాయమే. చివరికి పుంటికూర గిన్నె నా చేతికిచ్చి, "ముందు నేను పోవాలె, నువ్వు ఉండాలె. గంతే" అని లేచింది.

ఇది జరిగి ఇరవై రోజులు. మొన్న మా చుట్టాల పాపకు పేరు పెట్టారు. తల్లి ఫోన్లో పేర్ల జాబితా తీసి, ఏ అక్షరానికి ఎంత బలమో లెక్క వేయించి, స్టేజి మీద పూలతో ఆ పేరు రాయించి, మైకులో నాలుగుసార్లు చదివించింది. రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. ఫలానా పాప ఫలానా ఇంట్లో ఉందని లోకానికంతటికీ చాటారు, ఎవరికీ ఏ భయమూ లేదు. ఉండకూడదు కూడా, ఆ భయాలు పోయినందుకు నేనేం విచారించను. మందులొచ్చాయి, టీకాలొచ్చాయి, చేటల్లో పెట్టి పిల్లల్ని అమ్ముకునే అవసరం పోయింది, పీడా పోయింది. చిన్నబాపు నన్ను చూసి మైకు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఈసారి ఆయన కథ చెప్పలేదు. నాకెందుకో ఆయన చెబితే బాగుండుననిపించింది. అమ్మ నా పక్క కుర్చీలో కూర్చుని ఉంది. చప్పట్ల మధ్య ఆమె పెదవులు కొద్దిగా కదిలాయి. నమిలిందో, ఏమన్నా అనుకుందో తెలియదు. ఆ తర్వాతి నుంచి నాకు ఇదొక పిచ్చి పట్టుకుంది. ఆమె వంటింట్లో ఉంటే తలుపు వెనక నిలబడతాను, పూజ చేసుకుంటుంటే నోటి వైపు చూస్తాను. "ఏంది గట్ల చూస్తున్నవ్, ఓ పోరీ" అంటుంది. ఈమధ్య ఆమె నిన్న తిన్నది ఇవాళ మరిచిపోతోంది. పోయిన వారం, ఎప్పుడో చనిపోయిన బాపు ఇంకా షిఫ్టు నుంచి రాలేదని కిటికీ దగ్గర నిలబడింది. పాత పర్షియా దాకా తవ్వి ఖాలా పెట్టిన పేరు వేరు చూపించడానికి సఫియా ఉంది. ఎవరూ పైకి అనని పేరు కోసం నేను ఏ పుస్తకం తిరగేయను, ఎవరిని పట్టుకుని అడగను? యాభై రెండేళ్ళుగా మా అమ్మ లోపల నన్ను ఏమని పిలుస్తోంది?